ఫిజియోథెరపీ పట్టా తరువాత రిజిస్ట్రేషన్

శ్రీకాకుళంలో ఈ వృత్తిలో ఉన్న నన్ను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) ముగించిన పిల్లలు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతారు: పట్టా వచ్చింది కదా, ఇక బోర్డు పెట్టుకోవచ్చా? పట్టా చదువుకు మాత్రమే సాక్ష్యం. రోగికి చికిత్స చేసే అర్హతను చట్టబద్ధమైన రిజిస్టరులో నమోదైన పేరు చెప్పాలి.

మన దేశంలో ఇందుకు ఆధారం 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం. మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3,600 గంటల డిగ్రీ చదివినవారిని అది ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులుగా గుర్తిస్తుంది, వారి నమోదును రాష్ట్ర కౌన్సిళ్లకు అప్పగిస్తుంది. కౌన్సిళ్ల పని రాష్ట్రానికొక వేగంతో సాగుతోంది కనుక ప్రకటనలను మీరే గమనిస్తూ ఉండాలి. వృత్తి సంఘంలో సభ్యత్వం మంచిదే గాని, అది లైసెన్సు కాదు.

ఈ నమోదు వట్టి కాగితాల తతంగమని అనుకునేవారితో నేను ఏకీభవించను. పలాసలో రోజంతా కూర్చుని జీడిపిక్కలు ఒలిచే మహిళ నడుంనొప్పితో వచ్చినప్పుడు, కాళ్లలో బలం తగ్గిందా, మూత్రం ఆగిపోతోందా అని అడిగి, అలా ఉంటే వ్యాయామాలు చెప్పకుండా వెంటనే శస్త్రచికిత్స నిపుణుడి దగ్గరకు పంపగలగాలి. ఆ తేడా తెలియనివాడి చేతిలో ఆమె నష్టపోతే ఎవరిని అడగాలి? రిజిస్టరు ఉంటే అడగడానికి ఒక చోటు ఉంటుంది.

అమెరికా వెళ్లాలనుకునేవారికి దారి ఇంకా పొడవు. అక్కడ లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. పరీక్ష మాత్రం దేశమంతటికీ ఒక్కటే, ఎన్‌పీటీఈ (జాతీయ ఫిజికల్ థెరపీ పరీక్ష). 200 నుంచి 800 వరకు ఉండే స్కోరులో 600 రావాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు, జీవితకాలంలో ఆరుసార్లకు మించి రాయనివ్వరు. అంతకుముందే మన చదువును అక్కడి డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) డిగ్రీ స్థాయితో పోల్చి చూస్తారు, తక్కువైన సబ్జెక్టులు ఉంటే పూర్తిచేయమంటారు. అందువల్ల ముందు రాష్ట్రాన్ని ఎంచుకుని, దాని నిబంధనలు చదివిన తరువాతే డబ్బు కట్టాలి. బ్రిటన్‌లో అయితే ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు తప్పనిసరి.

అమెరికాలో మన చదువును పోల్చి చూసే మూల్యాంకనానికి మార్కుల వివరాలు విద్యాసంస్థ నుంచే నేరుగా వెళ్లాలి. ఉద్యోగంలో చేరాక వీటికోసం ఆమదాలవలసలో రైలెక్కి విజయవాడలోని విశ్వవిద్యాలయానికి తిరగడం కష్టం. ఇంటర్న్‌షిప్ ముగిసేలోపే సిలబస్ ప్రతులు, ప్రతి సబ్జెక్టుకు కేటాయించిన గంటలు, క్లినికల్ శిక్షణ పత్రాలు ధ్రువీకరించి తీసుకోండి.