డెవిల్స్ బెండ్ దగ్గర ఓ ఆదివారం

సింగపూర్ వచ్చి ఆరేళ్లయింది. కార్ రేస్ అంటే నాకు మెరీనా బేలో రాత్రిపూట జరిగే రేసు లైట్లే. నిన్న పొద్దున ఓల్డ్ అప్పర్ థామ్సన్ రోడ్డులో నడుస్తుంటే తెలిసింది, 1961 నుంచి 1973 దాకా గ్రాండ్ ప్రీ ఇక్కడే జరిగిందని! రోజూ బండ్లు తిరిగే రోడ్డునే మూసేసి పందెం పెట్టేవాళ్లు, ఒక్కో చుట్టు సుమారు 4.8 కిలోమీటర్లు. 1962లో దాని పేరు మలేషియన్ గ్రాండ్ ప్రీ. 1965లో సింగపూర్ మలేషియా నుంచి విడిపోయాక, మరుసటేడు నుంచి సింగపూర్ గ్రాండ్ ప్రీ.

డెవిల్స్ బెండ్ అనే మలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. పక్కనే చెట్లు. అదుపు తప్పితే ఇంకెక్కడికి పోతారు? పైగా ఇక్కడి వాన సంగతి తెలిసిందే. మొత్తం ఏడుగురు చనిపోయారు, 1973 తర్వాత ఆపేశారు.

ఇప్పుడు రోడ్డు మధ్యలో ఓ కోతి తీరిగ్గా కూర్చుంది. నేనే పక్కకు తప్పుకున్నాను.