ఖాళీ చేసిన అండంలో మరో జాతి

అండంలోంచి కేంద్రకాన్ని తీసేయడం మొదటిసారి మైక్రోస్కోప్‌లో చూశాను. ఒక గాజు పిపెట్ అండాన్ని కదలకుండా పట్టుకుంటే, వెంట్రుక కన్నా సన్నటి ఇంకోటి లోపలికి దిగి దాని డీఎన్‌ఏను లాగేసింది. ఆ ఖాళీలో మరో జంతువు చర్మకణం పెట్టి, చిన్న కరెంటు షాక్‌తో రెండింటినీ కలిపేస్తారు. చర్మకణం ఇచ్చిన జంతువుకు నకలును, అంటే క్లోన్‌ను, పుట్టించే పద్ధతి ఇది. ఊపిరి బిగబట్టి చూశాను, నిజంగా.

ఆ కణం వేరే జాతిదైతే కష్టం మొదలవుతుంది. అండంలోని మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తినిచ్చే చిన్న భాగాలు, అండం ఇచ్చిన జాతివే కదా! జాతులు ఎంత దూరమైతే కొత్త కేంద్రకంతో వాటికి అంతగా పొసగదు, చాలా పిండాలు మధ్యలోనే ఆగిపోతాయి. 2001లో ఆవు కడుపున పుట్టిన అడవిదున్న దూడ నోవా రెండు రోజులు కూడా బతకలేదు. 2003లో స్పెయిన్‌లో, అప్పటికే అంతరించిన బుకార్డో కొండమేక మళ్లీ పుట్టి, ఊపిరితిత్తుల లోపంతో నిమిషాల్లోనే పోయింది. అది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అయినా నాకు ఆశ ఉంది. నల్లపాదాల ఫెర్రెట్లు (ముంగిసలా కనిపించే చిన్న జంతువులు) నేడు దాదాపు అన్నీ ఏడింటి సంతానమే. ఆ ఏడింటిలో లేని విల్లా అనే ఫెర్రెట్ కణాలను 1988లో ఎవరో ముందుచూపుతో ఫ్రీజ్ చేశారు. ఆ కణాల నుంచే 2020లో ఎలిజబెత్ ఆన్ అనే క్లోన్ పుట్టింది. ఇంకో క్లోన్ ఆంటోనియా 2024లో పిల్లల్ని కూడా కన్నది!