వెమినూచ్ కొండల్లో రైఫిల్ మోసిన సంచి

అమెరికాలో, కొలరాడోలోని వెమినూచ్ అడవుల్లో మోటారు బండి మాట అటుంచండి, సైకిలుకు కూడా అనుమతి లేదు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం అలాంటిది. గుర్రాలున్న వేటగాళ్ల వైభోగం వేరు, మాకు లేవు. గుడారం, తిండి, రైఫిల్ అన్నీ వీపెక్కాల్సిందే. ఎల్క్ అనే పెద్ద జింక దొరికితే దాని మాంసమూ అంతే. వీపు సంచి కొనేవాళ్లందరూ రైఫిల్ ఎక్కడ పడుతుందని చూస్తారు. మాంసం ఎక్కాక ఆ రైఫిల్ ఎక్కడికి పోతుందో చూడాలని నా పట్టుదల.

నాతో వచ్చిన మిత్రుడి సంచికి వెనుక నట్టనడుమ రైఫిల్ కోసం పొడవాటి జేబు కుట్టి ఉంది. బరువు ఏ పక్కకూ ఒరగదు, గురి చూసే స్కోప్‌కు దెబ్బ తగలదు. చూడముచ్చటైన ఏర్పాటే. నేను నాది పక్కన కట్టాను: తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే వెనుక భాగం, అడుగున చిన్న సంచిలో; గొట్టం పైపట్టీ కింద; తూటాను లోపలికి నెట్టే బోల్టు పిడి బయటివైపు. రెండో పక్క నీళ్లు, ట్రైపాడ్ పెడితే తూకం కుదిరింది. రెండు రైఫిళ్లలోనూ తూటా ఉండే ఛాంబర్లు ఖాళీ. మంచు, మట్టి దూరకుండా గొట్టం మూతికి టేపు.

బాట వదిలాక అసలు పరీక్ష మొదలైంది. అక్కడి స్ప్రూస్ చెట్లను బీటిల్ పురుగు చాలాచోట్ల చంపేసింది. ఎండిన మానులు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వంగి దూరిన ప్రతిసారీ మిత్రుడి తలకు పైన నిలిచిన గొట్టం కొమ్మలకు తగులుకునేది. నాది భుజానికి కాస్త పైదాకానే.

వేట చోటు దగ్గరపడ్డాక రైఫిల్‌ను ముందుకు మార్చాను. నడుము పట్టీకి మడమ నిలిపే తొట్టి, భుజం పట్టీకి ఒక కొక్కెం. సంచి దించకుండానే తుపాకీ చేతికొస్తుంది. తుపాకీకుండే మామూలు భుజం పట్టీతో వేలాడదీస్తే సంచి మీద అది నిలవదు, జారుతూనే ఉంటుంది. మిత్రుడు సంచి దించి జేబు విప్పేలోగా ఒక మగ ఎల్క్ పచ్చిక దాటి వెళ్లిపోయింది. అతను దాని గురించి మాట్లాడదలచుకోలేదు, నేనూ అడగలేదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కొలరాడోలో రైఫిల్‌తో ఎల్క్ వేటాడేవారు నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు ధరించాలి, తలకూ ఆ రంగే. పెద్ద సంచి ఆ రంగును వెనుకనుంచి పూర్తిగా కప్పేస్తుంది. అందుకే సంచి మీద కూడా నారింజ గుడ్డ కట్టాం.

మర్నాడు నాకు ఆడ ఎల్క్ దొరికింది. ఎముకలు తీసేసినా ఒక్క విడతలో మోయగలిగే మాంసం కాదు. నా సంచిలో ఫ్రేముకూ గుడ్డకూ మధ్య ఖాళీ ఉంది. మాంసం మూటను అక్కడ, భుజాల ఎత్తులో, వీపుకు ఆనించి బిగించాను. బరువంతా నడుము పట్టీ మీదికి దిగింది. మిత్రుడి సంచిలో మాంసం నింపగానే నడిమి జేబు నొక్కుకుపోయి రైఫిల్ అందులోకి దిగలేదు. చేత పట్టుకుందామంటే రాళ్లు జారే దిగుడు, రెండు చేతుల్లోనూ ఊతకర్రలు. చివరికి అతని రైఫిల్ బోల్టు తీసేసి, నా సంచి రెండో పక్కన ట్రైపాడ్ ఉన్నచోట కట్టాం. ట్రైపాడ్ అతను తీసుకున్నాడు.