బొలోగొయె లేఅవుట్: పట్టాలు పడ్డాయి, సెమఫోర్ పని నడుస్తోంది

సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కోకు రైలు దారి 650 కిలోమీటర్లు. అందులో దాదాపు సగం దగ్గర ఉంటుంది బొలోగొయె. 1851లో ఆ లైను మొదలైనప్పుడు అది సరస్సు ఒడ్డున ఉన్న పల్లె. ఆవిరి ఇంజనుకు దారిలో నీళ్లు పట్టాలి, పొయ్యి ఎగదోయాలి, మనుషులు మారాలి. అందుకే అక్కడ పెద్ద స్టేషను, లోకో షెడ్డు వచ్చాయి, ఊరు వాటి చుట్టూ పెరిగింది. పట్టణ హోదా మాత్రం 1917 దాకా రాలేదు.

ఈ లేఅవుట్ ఆ స్టేషనుకు మేం కడుతున్న మోడల్ రైల్వే, 1:87 స్కేలు, అంటే అసలులో 87వ వంతు. కాలం 1950ల చివర, మెయిన్ లైను మీద కరెంటు తీగలు పడకముందు. బోర్డు 3.2 మీటర్లు × 60 సెంటీమీటర్లు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచన పట్టింది ఏం వదిలెయ్యాలన్న దగ్గరే. సోవియట్ యార్డుల్లో గూడ్స్ లైను ప్రామాణిక పొడవు 850 మీటర్లు. స్కేల్లో అది 9.8 మీటర్లవుతుంది. మన దగ్గర ఉన్నది 1.9 మీటర్లు, అంటే ఇంజను వెనక ఎనిమిది వ్యాగన్లు. అందంగా కనిపించేవన్నీ ఇరికించకుండా, ఊరికి కూడు పెట్టినవాటినే ఉంచాలి. వోల్గా పడవల్లో రిబిన్‌స్క్ చేరిన ధాన్యాన్ని అప్పటి రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తేవడానికి 1870లో అక్కడి నుంచి బొలోగొయెకు లైను వేశారు. 1897లో ప్స్కోవ్ వైపు, 1907లో పోలొత్స్క్ వైపు లైన్లు కలిశాయి. ఈ చివరిది సైన్యం అవసరాలకు, ఫ్రెంచి అప్పుతో వేసిన దారి. మొత్తం అయిదు దిక్కులు. బోర్డు మీద రెండు దిక్కుల మెయిన్ లైను, ఒక చివర ఒస్తాష్కోవ్ (పోలొత్స్క్ దారిలోని ఊరు) వైపు విడిపోయే ఒంటి లైను మాత్రమే పట్టాయి. పట్టాల మధ్యనున్న స్టేషను భవనాన్ని సగానికి కుదించక తప్పలేదు. వాటర్ కాలమ్ (ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టపు స్తంభం), బొగ్గు దిబ్బ మాత్రం పూర్తి కొలతలో ఉంటాయి. అవి లేకపోతే ఆ ఊరు అక్కడ ఎందుకుందో చూసేవాళ్లకు అర్థం కాదు.

రష్యా గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) అప్పట్లో 1524 మి.మీ., స్కేల్లో 17.5. దొరికే ట్రాకు 16.5. (మన బ్రాడ్ గేజ్ 1676 కాబట్టి భారతీయ రైళ్లు కట్టేవాళ్లకు ఈ తేడా 2.8 మి.మీ. దాకా పోతుంది.) వ్యాగన్ చక్రాలను ఇరుసు మీద జరపొచ్చు. ఆవిరి ఇంజనులో మాత్రం చక్రం బయటికి జరిగితే రాడ్లు సిలిండరుకు తగులుతాయి. అందుకని 16.5తోనే రాజీ. ఆ లోటు కనపడకుండా స్లీపర్లు (పట్టాల కింది అడ్డ దిమ్మెలు) సొంతంగా కోశాం. సోవియట్ చెక్క స్లీపరు 2.75 మీటర్లు, అంటే 31.6 మి.మీ. మెయిన్ లైనులో కిలోమీటరుకు 1840 చొప్పున 6.25 మి.మీ. దూరంలో, సైడింగులో 1600 చొప్పున 7.2 మి.మీ. దూరంలో పరిచాం. ఈ చిన్న తేడా వల్లే ఏది ముఖ్యమైన లైనో కంటికి ఇట్టే తెలుస్తోంది. మోడల్ పట్టా కోడ్ 70 (అంగుళంలో వెయ్యో వంతుల్లో ఎత్తు), అంటే 1.78 మి.మీ. అసలైన సోవియట్ ఆర్-50 పట్టాకు (152 మి.మీ. ఎత్తు) ఇది దగ్గర. కోడ్ 100 అయితే అసలు ఎత్తు 220 మి.మీ. ఉన్నట్టు లెక్క. అంత లావు పట్టా రష్యాలో లేదు.

అతుకుల దగ్గర మీటరుకు అర మిల్లీమీటరు సందు వదలాలి. తెలంగాణ ఎండలకు గది 25 డిగ్రీలు వేడెక్కితే మీటరు పట్టా దాదాపు అంత సాగుతుంది. సందు లేని చోట పట్టా పక్కకు ఉబ్బి స్లీపరును లాగేసింది.

కంకరకు ఏటి ఇసుకను టీ వడపోతతో జల్లించాం. పరిచే ముందు దాని మీద అయస్కాంతం తప్పకుండా తిప్పాలి. ఇసుకలో ఇనుప రజను ఉంటుంది, అది మోటారులోకి పోతే ఇంజను పాడైనట్టే. ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి డ్రాపర్‌తో వేయాలి. సబ్బు లేకపోతే ఇసుక మీద నీళ్లు ముత్యాల్లా నిలబడిపోతాయి. పాయింట్ల (రైలు లైను మారే చోట్ల) కదిలే బ్లేడ్ల దగ్గర జిగురు నీళ్లు వద్దు. అక్కడ స్లీపర్ల మధ్య చిక్కటి జిగురు పూసి ఇసుక చల్లడమే మేలు.

ఇప్పుడు సెమఫోర్, అంటే స్తంభం మీద రెక్క కదిలే సిగ్నలు. మన పాత సిగ్నళ్లలో ఎక్కువ వాటికి రెక్క కిందికి వాలితే దారి ఇచ్చినట్టు. రష్యాలో రెక్క పైకి లేస్తుంది: అడ్డంగా ఉంటే ఆగాలి, స్తంభానికి 135 డిగ్రీల కోణంలో లేస్తే వెళ్లొచ్చు. రెడీమేడ్ రెక్కను అలాగే బిగిస్తే అర్థం తారుమారవుతుంది. 8 మీటర్ల స్తంభం 92 మి.మీ. అయింది. తీగ కట్టే రంధ్రం ఇరుసుకు 2.5 మి.మీ. దూరంలో ఉంది కాబట్టి 45 డిగ్రీలకు తీగ 1.9 మి.మీ. కదిలితే చాలు. రెక్కను కదిపే చిన్న మోటారు ఎస్‌జీ-90 సర్వో. దాని చేతికి 8 మి.మీ. దగ్గరున్న రంధ్రంలో తీగ కడితే 14 డిగ్రీల తిప్పుడు సరిపోతుంది. సర్వోకు పంపే పల్సును 5 మైక్రోసెకన్ల మెట్లతో మారుస్తూ, మెట్టుకు 40 మిల్లీసెకన్లు ఆపుతూ తిప్పితే రెక్క సెకనుకు పైగా తీసుకుని నిదానంగా లేస్తుంది.

స్విచ్ వేయగానే సర్వో ఎగిరిపడేది. దానికి విడిగా 5 వోల్టుల సప్లై ఇచ్చి, గ్రౌండు కలిపి, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక చాలావరకు తగ్గింది. మిగిలిన చిక్కు రంగుతో. ఇరుసు రంధ్రంలోకి రంగు దిగి, రెక్క సొంత బరువుతో కిందికి రావడం లేదు. దాన్ని 0.6 మి.మీ. డ్రిల్లుతో చేత్తో తిప్పి శుభ్రం చేశాకే రెండో సిగ్నలు మొదలవుతుంది.