పారేసిన ట్యూబుల్లో ఏముందో

ఆగస్టు వచ్చిందంటే మా ల్యాబ్‌లో తల ఎత్తే తీరిక ఉండదు. హనుమకొండలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్‌ని నేను. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి జ్వరంతో వచ్చేవాళ్లలో చాలామందికి రాసేది మూడే పరీక్షలు, డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్. మూడూ నెగెటివ్ వస్తే "వైరల్ ఫీవర్" అనేస్తారు. ఏ వైరస్ అని అడిగేవాళ్లు లేరు. రక్తం నుంచి వేరుచేసి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంచిన సీరం ట్యూబులు ఆ తర్వాత చెత్తలోకి పోతాయి. పారేసేది నేనే.

పోయిన పత్తి సీజన్‌లో ఒకామె వచ్చింది, పదకొండు రోజుల నుంచి జ్వరం, అప్పటికే రెండు చోట్ల టెస్టులు అయిపోయాయి. రక్తం తీద్దామని రవిక చెయ్యి పైకి జరిపితే చంక దగ్గర నల్లగా, బీడీతో కాల్చినట్టు ఒక పుండు కనిపించింది. చుట్టూ ఎర్రగా ఉంది. ఇదేంటమ్మా అంటే "నొస్తలేదు బిడ్డా, పత్తి ఏరంగ ఏదో కుట్టినట్టుంది" అంది. డాక్టర్‌గారికి చెప్పాను, స్క్రబ్ టైఫస్ టెస్ట్ రాశారు, పాజిటివ్. కంటికి సరిగా ఆనని పురుగు పిల్ల కుడితే వచ్చే బ్యాక్టీరియా జ్వరం అది, వైరస్ కానే కాదు. డాక్సీసైక్లిన్ మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజుకి జ్వరం దిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను పారేసిన ట్యూబుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో!

రేపటి రోగాల మీద పరిశోధన అనగానే టీకాలు, కోట్ల రూపాయల ల్యాబులు గుర్తొస్తాయి. అవీ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే ఇంకా ఎవరికీ తెలియని రోగానికి "డిసీజ్ ఎక్స్" అని పేరు పెట్టి, ముందుగా పరిశోధించాల్సిన రోగాల జాబితాలో చేర్చింది. కానీ నన్నడిగితే ఆ పరిశోధన ప్లాన్‌లో మొదటి ఖర్చు పేరు తెలియని జ్వరాల రక్తాన్ని దాచడానికి పెట్టాలి. 1959లో ఆఫ్రికాలోని కిన్షాసాలో తీసిన రక్తాన్ని ఎవరో దాచి ఉంచబట్టే కదా, హెచ్ఐవీ అప్పటికే అక్కడ ఉందని 1998లో తేల్చగలిగారు.

దాచడమంటే ఊరికే ఫ్రిజ్‌లో పెట్టడం కాదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కావాలి, కరెంటు పోయినా ఆగకుండా నడవాలి. పేషెంట్ ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి రావాలి, పేరు తీసేసి వయసు, మండలం, చేసే పని రాయాలి, అన్నిటికంటే ముఖ్యంగా జ్వరం ఎన్నో రోజో రాయాలి. డెంగ్యూనే చూడండి, ఎన్ఎస్1 అనే వైరస్ ప్రొటీన్ మొదటి ఐదు రోజుల్లో బాగా దొరుకుతుంది, వైరస్ మీద ఒళ్లు తయారుచేసే ఐజీఎం యాంటీబాడీ ఆ తర్వాతే సరిగ్గా కనిపిస్తుంది, రోజు తెలియకపోతే నెగెటివ్ రిపోర్టుని ఎట్లా నమ్మాలి? ఈ అనుమతులకే నెలలు పడతాయి, జ్వరాలు మొదలయ్యాక ప్లాన్ వేస్తే సీజన్ అయిపోతుంది.

ముందే ప్లాన్ వేసుకోడానికి వీలున్నది మేడారం జాతర. అది రెండేళ్లకోసారి, తేదీలు ముందే తెలుస్తాయి. 2020లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు హైదరాబాద్ మురుగునీటిలో కరోనా వైరస్‌ని వెతికినట్టే, అక్కడి మరుగుదొడ్ల నీటిని జాతరకు ముందు, జరిగేటప్పుడు, తర్వాత పరీక్షించేలా ఇప్పటి నుంచే సిద్ధం కావచ్చు.

అనుమతి లేకుండా ట్యూబు దాచే హక్కు నాకు లేదు. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టాను. పేర్లుండవు. జ్వరం ఎన్నో రోజు, పొలం పనా, అడవికి పోతారా, ఒంటి మీద నల్ల మచ్చ ఏమైనా ఉందా. "మచ్చ ఎందుకు బిడ్డా?" అని అడుగుతున్నారు. లైన్ ఎంత పెద్దగా ఉన్నా ఆగి చెప్తున్నా.