అటక మీది రూటర్, మేడ మీది గది: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండున్నరకు మేడ మీది గదిలో కంప్యూటర్‌కు ఇంటర్నెట్ వచ్చింది. ఆ సంబరం ఇంకా చల్లారలేదు. అంతకుముందు పడిన అవమానం కూడా చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది అద్దె ఇల్లు. ఫైబర్ పెట్టె కింద హాల్లో టీవీ పక్కన ఉంటుంది, నేను పని చేసుకునే గది సరిగ్గా దాని నెత్తి మీద. మధ్యలో స్లాబు. అక్కడున్న డెస్క్‌టాప్‌కు వైఫై లేదు, ప్రింటర్‌కూ లేదు. రెండూ కేబుల్ అడిగే రకం. గోడకు మేకు కొడితేనే మొహం మాడ్చుకునే ఓనరు స్లాబుకు కన్నం పెట్టనిస్తాడా? "కొన్ని వందలు పెడితే కంప్యూటర్‌కు గుచ్చే వైఫై డాంగిల్ వస్తుంది కదా" అంది మా ఆవిడ. వస్తుంది. మరి ప్రింటర్ సంగతో? పైగా అటక మీద పాత రూటర్ ఒకటి చీర పీలికలో చుట్టి పడి ఉంది. పారేయడానికి నాకు చేతులు రావు.

దాన్ని క్లయింట్ బ్రిడ్జ్‌గా మార్చాలన్నది నా పథకం. అంటే ఆ రూటర్ తానూ ఒక ఫోనులాగే వెళ్ళి కింది పెట్టె వైఫైకి కలుస్తుంది, అందిన ఇంటర్నెట్‌ను తన వెనకున్న కేబుల్ పోర్టులకు ఇస్తుంది. దాని సొంత సాఫ్ట్‌వేర్‌లో ఈ వసతి లేదు కాబట్టి డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే వేరే రూటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఆ పేరులోని డబ్ల్యూఆర్‌టీ లింక్‌సిస్ వారి డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ నుంచి వచ్చింది. డీడీ అంటే జర్మనీలోని డ్రెస్డెన్ బండ్ల నంబరు పలకల మీద ఉండే అక్షరాలు. మా ఆఫీసులో ఈ ముక్క తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎక్కించడం పది నిమిషాల పని. అడుగున అంటించిన చీటీలో మోడల్ ఒక్కటే కాదు, వెర్షన్ నంబరు కూడా చూసుకోండి. అది తప్పితే రూటర్ ఇటుకతో సమానం.

అంతవరకూ నేనే మొనగాణ్ణి.

ఎక్కించాక పోర్టులు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని, పసుపు రంగు కేబుల్ ఒకటి తీసుకుని దాని లాన్ పోర్టుకూ (ఇంట్లోని కంప్యూటర్లకు కేబుల్ గుచ్చే రంధ్రం) కింది పెట్టె లాన్ పోర్టుకూ మధ్య కలిపాను. దీపాలు వెలిగాయి. ఇంతలో అన్నానికి పిలిచారు. తిని పడుకున్నాను. కేబుల్ అలాగే ఉండిపోయింది, టీవీ బల్ల వెనక.

తెల్లారేసరికి ఇల్లంతా గోల. మా ఆవిడ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. ఆరున్నర క్లాసు మధ్యలో ఆమె బొమ్మ ఆగిపోయింది. మామగారి ఫోనులో భక్తి ఛానల్ రాలేదు. అబ్బాయి ఫోనులో మాత్రం అన్నీ బ్రహ్మాండంగా వస్తున్నాయి. పావుగంటకు అబ్బాయిది ఆగింది, మామగారిది మొదలైంది! నా ఫోను బ్రౌజర్‌లో రూటర్ చిరునామా 192.168.1.1 కొడితే డీడీ-డబ్ల్యూఆర్‌టీ పేజీ వచ్చింది, ఆవిడ ఫోనులో అదే అంకె కొడితే కంపెనీ పెట్టె పేజీ వచ్చింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి కూడా నాకు బుర్ర వెలగలేదు. "ఎవరో మన వైఫైలోకి దూరారు" అని ప్రకటించాను.  ఫోన్లన్నీ మళ్ళీ కలిపించాను. ఏ మార్పూ లేదు.

ఇక ఇంటర్నెట్ కంపెనీకి ఫోను. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. ఇరవై నిమిషాల సంగీతం తర్వాత ఒకమ్మాయి దొరికితే, ఫైబర్ ఎక్కడో తెగిందని, నెలనెలా డబ్బు కట్టించుకోవడానికి ఉన్న శ్రద్ధ మనిషిని పంపడానికి ఉండదని గట్టిగానే దులిపేశాను. మామగారు పక్కనే కూర్చుని తలాడిస్తుంటే గొంతు మరికాస్త పెంచాను.

మధ్యాహ్నం కుర్రాడు వచ్చాడు. వీపున సంచి, చెవిలో ఇయర్‌ఫోను. పెట్టె కేసి చూశాడు, ఎర్ర దీపం లేదు, అంటే ఫైబర్ తెగలేదు. వంగి బల్ల వెనక చెయ్యి పెట్టి పసుపు కేబుల్ కొస పట్టుకుని బయటికి లాగాడు. దాంతోపాటు నా పాత రూటర్ కూడా నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

"అంకుల్, ఇది మీరు పెట్టిందేనా?"

నాకు నలభై రెండు. అది అలా ఉంచండి. రెండింటికీ 192.168.1.1 అనే చిరునామానే ఉంది, రెండూ ఫోన్లకు అడ్రసులు పంచుతున్నాయి. వీధిలో రెండిళ్ళకు ఒకే డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మన్ ఏ గుమ్మం ముందు ఆగుతాడు? ఇంటర్నెట్ లేని ఇంట్లోకి వెళ్ళిన ఫోను అక్కడే పడిగాపులు కాసింది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసీ చేశాను, అదే మంట. "ఫైబర్ తెగిందన్నావు కదయ్యా" అని మామగారు అందరి ముందూ అడిగారు. మా ఆవిడ ఏమీ అనలేదు, ఆ కుర్రాడికి మజ్జిగ ఇచ్చింది.

ఆ రోజు రాత్రే పంతం పట్టి కూర్చున్నాను. మీరు చేసేటట్టయితే ముందు పాత రూటర్‌ను విడిగా, ఒక్క ల్యాప్‌టాప్‌కు మాత్రమే కేబుల్‌తో కలపండి. దాని అడ్రసు 192.168.1.2 చేయండి, గేట్‌వేగా, అంటే బయటికి దారిగా, కింది పెట్టె 192.168.1.1 ఇవ్వండి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేయండి, ఫైర్‌వాల్ కూడా ఆపేయండి. డీహెచ్‌సీపీ ఆగాక ల్యాప్‌టాప్‌కు అడ్రసు ఇచ్చేవాడు ఉండడు కాబట్టి ముందే 192.168.1.10 అని చేత్తో రాసి పెట్టుకోవాలి. లేకపోతే మీ రూటర్‌లోకి మీరే వెళ్ళలేరు. సేవ్ నొక్కితే సరిపోదు, అప్లై కూడా నొక్కాలి. నాకు ఈ ముక్క అర్థం కావడానికి గంట పట్టింది.

అన్నీ చేసినా వైఫైకి కలవలేదు. పాస్‌వర్డు సరే, పేరు సరే. చివరికి తేలిందేమిటంటే, కంపెనీ పెట్టె డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై భద్రతలో ఉంది. నా ముసలి రూటర్‌కు డబ్ల్యూపీఏ2 వరకే వచ్చు. మార్చాలంటే పెట్టె లాగిన్ కావాలి, అది కంపెనీ వాళ్ళు చెప్పరు. అద్దె మనది, కరెంటు మనది, తాళంచెవి వాళ్ళది! చేసేదిలేక ఆ కుర్రాడికే ఫోను చేశాను. నిన్న సాయంత్రం వచ్చి, డబ్ల్యూపీఏ2 పెట్టి, వైఫైలోని 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకు వేర్వేరు పేర్లు ఇచ్చి వెళ్ళాడు. పాత రూటర్‌కు 2.4 ఒక్కటే కనిపిస్తుంది. ఈసారి కూడా అంకుల్ అనే అన్నాడు. సెక్యూరిటీలో సంకేతీకరణ పద్ధతిగా ఏఈఎస్ ఎంచుకోండి, పాతదైన టీకేఐపీ పెడితే వేగం 54 మెగాబిట్ల దగ్గరే చతికిలబడుతుంది.

వందమెగాబిట్ల ప్లాన్‌కు పైన నలభై లోపే వస్తోంది. నాకు చాలు. ప్రింటర్ మొదటి కాగితం తీస్తుంటే మామగారు మెట్లెక్కి వచ్చి, ఫోను చూపించి, "మరి దీనికి ఇంకా రెండు గీతలేనేం?" అన్నారు. క్లయింట్ బ్రిడ్జ్ కేబుల్‌కే తప్ప గాలిలోకి ఇవ్వదని చెప్పాను. రిపీటర్ బ్రిడ్జ్ అని ఇంకొకటుంది, వేగం సగం తింటుంది కానీ ఫోన్లకూ ఇస్తుంది, ఆదివారం చూద్దామన్నాను. కింద నుంచి మా ఆవిడ విన్నట్టుంది. పొద్దున చూస్తే పసుపు కేబుల్ కనిపించలేదు.