చిన్న ట్రైలర్ మీద సైకిళ్ళు: బరువు ఇరుసుకి ముందా, వెనకా?

బెంగళూరు నుంచి గండికోటకో హార్సిలీ హిల్స్‌కో టెంట్లు కట్టుకుని బయల్దేరేవాళ్ళు, సైకిళ్ళు కూడా తీసుకెళ్దాం అనుకోగానే మొదట అడిగేది "ఏ స్టాండు కొనాలి" అని. కారు వెనక ట్రైలర్ ఉన్నవాళ్ళకి అంతకంటే ముందు తేలాల్సిన సంగతి వేరే ఉంది. ఆ సైకిళ్ళ బరువు ట్రైలర్ ఇరుసుకి ముందు పడుతోందా, వెనక పడుతోందా? ఈ లెక్క తప్పితే ఎంత ఖరీదైన స్టాండైనా ఆదుకోదు. డెబ్భై స్పీడు దాటగానే ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది.

ఎడ్లబండి నింపేటప్పుడు మన ఊళ్ళలో చూసుకునేది ఇదే. కాడి మీద కాస్త బరువు ఉండాలి. మరీ ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగుతాయి. సరుకంతా వెనక్కి చేరితే కాడి పైకి లేచి మెడ తాళ్ళు గొంతుకి బిగుసుకుంటాయి. ఒక్క ఇరుసున్న ట్రైలర్‌కి కారు వెనకున్న హుక్కే కాడి. నింపిన ట్రైలర్ మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం ఆ హుక్కు మీద పడితే ట్రైలర్ బుద్ధిగా వెంట వస్తుంది. 3, 4 శాతానికి పడిపోయిందంటే ఊగులాటకి సిద్ధమైనట్టే.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. హుక్కు నుంచి ఇరుసు దాకా 220 సెంటీమీటర్లు, ఇరుసు నుంచి ట్రైలర్ వెనక అంచు దాకా 110. సామాను నింపాక మొత్తం 350 కిలోలు, హుక్కు మీద 28 కిలోలు. చక్కగా 8 శాతం. దీని వెనక 12 కిలోల స్టాండు బిగించి, 14 కిలోల సైకిళ్ళు రెండు వేలాడదీశామనుకోండి. 40 కిలోలు కలిశాయి, అదీ ఇరుసుకి 140 సెంటీమీటర్లు వెనక. 40ని 140తో గుణించి 220తో భాగిస్తే 25 కిలోల పైచిలుకు. అంత బరువు హుక్కు మీదనుంచి లేచిపోతుంది. మిగిలేది రెండున్నర కిలోలు! 390 కిలోల ట్రైలర్‌కి అది ఒక్క శాతం కూడా కాదు. చూడటానికి రెండు సైకిళ్ళే. నడిపేవాడికి మాత్రం అది పూర్తిగా వేరే బండి.

"అయితే ముందువైపు నీళ్ళ క్యాన్లు పెట్టి సరిచేస్తాం" అంటారు కొందరు. హుక్కు బరువు సరిపోవచ్చు గానీ జబ్బు పూర్తిగా పోదు. కావడిబద్దకి రెండు చివర్లా నిండు బిందెలు వేలాడదీసి ఒకసారి తిప్పి చూడండి, ఆపడం ఎంత కష్టమో తెలుస్తుంది. అవే బిందెలు భుజం దగ్గరికి జరిపితే ఇట్టే ఆగుతుంది. ట్రైలరూ అంతే. చివర్లలో బరువు పేరుకుంటే, ఎదురుగా వచ్చిన లారీ గాలికి ఒకసారి ఊగిందంటే ఆ ఊపు త్వరగా చావదు. అందుకే బరువైన సామానంతా ఇరుసు దగ్గర ఉండాలి, వీలైతే ఇరుసుకి ఒక జానెడు ముందు. ట్రైలర్ వెనక స్టాండు అన్న ఆలోచనే మానుకోవడం మంచిది. పిల్లల సైకిళ్ళు తేలిక కదా అంటారు గానీ, స్టాండు 12, రెండు చిన్న సైకిళ్ళు కలిపి 18 వేసుకున్నా పై లెక్కలో 19 కిలోలు లేచిపోతాయి.

మిగిలినవి రెండు చోట్లు: హుక్కుకీ పెట్టెకీ మధ్యనున్న ముందు కమ్మీ, పెట్టె పైభాగం.

ముందు కమ్మీ మీద పెడితే ఎత్తు తక్కువ, ఎక్కించడం సులువు. కానీ పై ట్రైలర్‌కే అదే 40 కిలోలు ఇరుసుకి 140 సెంటీమీటర్లు ముందు పెడితే హుక్కు మీద 53 కిలోలు దాటుతుంది. కారు వెనక సస్పెన్షన్ కుంగుతుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. హుక్కు మీద ఎంత మొయ్యొచ్చో హుక్కు ప్లేటు మీదా, అసలు ట్రైలర్ లాగొచ్చో లేదో, లాగొచ్చంటే హుక్కు మీద ఎంత బరువు వేయొచ్చో కారు మాన్యువల్‌లోనూ రాసి ఉంటుంది. రెంటిలో తక్కువ ఏదైతే అదే హద్దు. లాగవద్దని రాసి ఉన్న కారుకి హుక్కు వేయించుకోకండి. ఇంకో చిక్కు మలుపుల్లో వస్తుంది. ఖాళీ మైదానంలో స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి మెల్లగా ముందుకీ వెనక్కీ నడపండి, ఒక మనిషి పక్కన నిలబడి చూడాలి. హ్యాండిల్ బార్‌కీ కారు డిక్కీ అద్దానికీ మధ్య ఎప్పుడూ ఒక జానెడు తగ్గకూడదు. రెండోవైపుకీ తిప్పి చూడాలి. డిక్కీ తెరుచుకోదన్న సంగతీ ఇంట్లోనే తెలుసుకోవాలి, టిఫిన్ డబ్బాలు అందులోనే ఉంటాయి.

మా ఓటు పెట్టె పైభాగానికి. సైకిళ్ళ బరువు సరిగ్గా ఇరుసు మీద పడేలా అమరిస్తే హుక్కు బరువు 28 కిలోలే ఉంటుంది, 390లో అది 7 శాతం. ఇక్కడ చాలామంది చేసే తప్పు, స్టాండుని నేరుగా మూత రేకుకి బోల్టులేయడం. పలచటి రేకు నాలుగు హంపులు దాటగానే బోల్టు కన్నాల చుట్టూ చీలుతుంది. పైగా సైకిళ్ళు మూత మీదుంటే మూత తెరవలేం, టెంటు తియ్యాలంటే ముందు సైకిళ్ళు దించాలి, వాన పడుతున్నా సరే. అందుకని 30 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపుతో నాలుగు కాళ్ళు చాసీకే వెల్డింగ్ చేయించి, పైన రెండు అడ్డ పైపులు వేయించుకోవాలి. పైపు మందం 2 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. పెట్టెకి పక్క తలుపు పెట్టించుకుంటే ఇంకా హాయి. బండి సామాన్లకి బెంగళూరులో జేసీ రోడ్డు ఎలాగూ ఉంది.

అడ్డ పైపుల మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు, ఒక్కో సైకిలుకి ఒకటి. ముందు చక్రం తీసేసి ఫోర్కుని, అంటే ఆ చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళని, పలక మీది మౌంటులో బిగించడమే అన్నిటికంటే గట్టి పద్ధతి. ముందుగా మీ సైకిలు ఫోర్కు కొలత చూసుకోండి. క్విక్ రిలీజ్ (లీవరు తిప్పి చక్రం ఊడదీసేది) అయితే 9 మిల్లీమీటర్ల ఇరుసు, 100 మిల్లీమీటర్ల వెడల్పు. త్రూ యాక్సిల్ (చక్రంలోంచి దూరి ఫోర్కులో బిగిసే లావుపాటి ఇరుసు) అయితే 12 లేదా 15 మిల్లీమీటర్ల ఇరుసు, వెడల్పు 100 లేదా 110. కొలత తెలియకుండా మౌంటు కొంటే మళ్ళీ కొట్టుకి తిరగాల్సిందే. మౌంటుని పలకకి ఎం8 బోల్టులతో, కింద వెడల్పాటి వాషర్లు వేసి, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ వలయం ఉండేవి) బిగించాలి. మామూలు నట్టు దడకి వదులవుతుంది.

డిస్క్ బ్రేకు సైకిళ్ళకి ఇక్కడొక చిన్న పని మర్చిపోకూడదు. చక్రం తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య గట్టి అట్టముక్క మడిచి దూర్చండి. అది లేకుండా ఎవరైనా లీవరు నొక్కితే, హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) బ్రేకు ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి అలాగే ఉండిపోతాయి. క్యాంపులో డిస్కు లోపలికి దూరదు. అప్పుడు పలచటి టైరు లీవరుతో ప్యాడ్లని మెల్లగా వెనక్కి తొయ్యాలి. స్క్రూడ్రైవరు వాడితే ప్యాడు ముఖం చెడుతుంది.

సైకిళ్ళు ఒకదానికొకటి ఎదురుగా పెట్టండి. ఒకదాని హ్యాండిల్ ముందుకి, పక్కదాని హ్యాండిల్ వెనక్కి. అలా అయితే మధ్యలో పాతిక సెంటీమీటర్లున్నా సరిపోతుంది. హ్యాండిల్ ట్రైలర్ వెడల్పు దాటుతుంటే స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) బోల్టులు అలెన్ కీతో వదులు చేసి పక్కకి తిప్పి మళ్ళీ బిగించాలి. పెడల్ పక్క సైకిలు చువ్వల్లో దూరుతుంటే 15 నంబరు స్పానర్‌తో తీసేయొచ్చు. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, మామూలుగా బిగించే దిక్కుకి తిప్పితేనే ఊడుతుంది.

కట్టడానికి 25 మిల్లీమీటర్ల పట్టీలు, క్యామ్ బకిల్‌వి, అంటే చేత్తో లాగి బిగించేవి. పిడి ఆడిస్తూ బిగించే ర్యాచెట్ పట్టీ బలం చేతికి తెలియదు. ఇంకో రెండు నొక్కులు నొక్కితే రిమ్ వంగుతుంది, కార్బన్ ఫ్రేమ్ అయితే పగులుతుంది. రబ్బరు తాడు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, హంపు దగ్గర సాగి సైకిలుని లేవనిస్తుంది. నైలాన్ తాడు వానకి తడిసి వదులవుతుంది. ఒక్కో సైకిలుకి మూడు పట్టీలు కావాలి: వెనక రిమ్‌ని పలకకి ఒకటి, సీటు పైపు నుంచి చెరో పక్క అడ్డ పైపుకి వాలుగా రెండు. పట్టీని ఎక్కడా బ్రేకు కేబుల్ మీదుగా పోనివ్వొద్దు. బిగించేముందు పట్టీకి ఒక మెలిక తిప్పితే గాలికి బర్రుమని మోత రాదు, మిగిలిన కొస చుట్టి ముడేయాలి.

పట్టీ ఫ్రేమ్‌ని తాకే ప్రతిచోటా ముందు తడిగుడ్డతో తుడవండి. పెయింటుకీ పట్టీకీ మధ్య సన్నటి దుమ్ము ఇరుక్కుంటే ఐదు గంటల ప్రయాణంలో అది గరుకు కాగితమే. అరచేతి వెడల్పున పెయింటు మసకబారి, కింద లోహం మెరుస్తూ కనిపిస్తుంది. తుడిచాక పాత సైకిల్ ట్యూబుని నిలువునా చీల్చి చుట్టండి. ఏసీ పైపులకి తొడిగే నల్ల ఫోమ్ కూడా బాగుంటుంది, మీటర్ల లెక్కన అమ్ముతారు. చైనుకి ప్రయాణానికి ముందు ఆయిల్ వేయకండి. తడి చైను మీద రోడ్డు దుమ్మంతా చేరి నల్లటి ముద్ద అవుతుంది. పొడిగుడ్డతో తుడిచి తీసుకెళ్ళి, అక్కడ వేసుకోండి. సైకిళ్ళన్నిటికీ కలిపి టార్పాలిన్ కప్పడం వద్దు, తెరచాప ఎత్తినట్టే. సీటుకీ చైనుకీ మాత్రం ప్లాస్టిక్ కవరు తొడిగితే చాలు.

కట్టడం అయ్యాక హుక్కు బరువు తూచాలి. ఇంట్లో మనం బరువు చూసుకునే మిషనే చాలు. సమంగా ఉన్న నేల మీద ట్రైలర్ చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. మిషను మీద కర్రదుంగ నిలబెట్టి, దాని మీద కప్లర్ (కారు హుక్కుకి తగిలించే ట్రైలర్ ముక్కు) ఆనించండి. మిషనూ దుంగా కలిపిన ఎత్తు కారు హుక్కు ఎత్తుతో సమానం కావాలి. ముక్కు ఎత్తినా దించినా అంకె మారుతుంది. వచ్చిన అంకెలోంచి దుంగ బరువు తీసేయండి. తక్కువొస్తే లోపలి సామాను నాలుగు వేళ్ళు ముందుకి జరిపి మళ్ళీ తూచండి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఒక్కటి జరిపితేనే తేడా తెలుస్తుంది. నేల నుంచి సైకిలు హ్యాండిల్ దాకా ఎత్తు కూడా కొలిచి స్టీరింగ్ దగ్గర రాసిపెట్టుకోండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ దూలమూ రైల్వే అండర్‌పాసూ ముందే హెచ్చరించవు.

కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, కాబట్టి దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. సామాను పక్కలకిగానీ వెనక్కిగానీ పరిమితి మించి పొడుచుకొస్తే, 2019 సవరణ తెచ్చిన 194(1ఎ) సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా. సైకిళ్ళు ఎక్కించాక ఒక మనిషిని వెనక నిలబెట్టి బ్రేకు లైటు, రెండు ఇండికేటర్లు, నంబరు ప్లేటు కనిపిస్తున్నాయో లేదో చూడమనండి. సేఫ్టీ గొలుసులు కప్లర్ కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేయాలి. కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుని తాకకుండా అవి పట్టుకుంటాయి.

గండికోట దారిలో అయితే సాదహళ్ళి టోల్ దాటాక మొదటి బంకులోనే ఆగండి. పట్టీలు మొదటి ఇరవై కిలోమీటర్లలోనే సర్దుకుని వదులవుతాయి. వీల్ నట్లు కూడా అక్కడే ఒకసారి బిగించండి. చక్రం మధ్యలో హబ్బు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్‌లో గ్రీజు అయిపోయినట్టు, ముందుకి వెళ్ళొద్దు. గోరంట్ల, కదిరి వైపు ఊళ్ళ మధ్య హంపులుంటాయి. వాటిని నేరుగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటాలి. వాలుగా ఎక్కితే పైనున్న సైకిళ్ళు పక్కకి విసురుగా ఊగి ఫోర్కు మౌంట్లని పీకుతాయి. హార్సిలీ హిల్స్ ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు. బ్రేకుల్లేని ట్రైలర్ వెనకనుంచి కారుని తోస్తూనే ఉంటుంది, కారు బ్రేకుల మీదే భారమేస్తే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కడైనా ఊగులాట మొదలైతే గట్టిగా బ్రేకు వేయొద్దు, స్టీరింగుతో సరిచేయబోవద్దు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీయండి. వేగం తగ్గాక పక్కకి ఆపి సామాను ముందుకి జరపండి. అది చేయకుండా మళ్ళీ అదే వేగం అందుకుంటే మళ్ళీ అదే ఊపు వస్తుంది.

ఉన్నవి రెండే సైకిళ్ళు, వెళ్ళేది ఇద్దరే అయితే ఇదంతా అక్కర్లేదు. వెనక సీటు మడిచి, ముందు చక్రాలు తీసి, సైకిళ్ళు కారులోనే పెట్టి టెంటు ట్రైలర్‌లో వేసుకోండి. ఎండా దుమ్మూ తగలవు, టీ దగ్గర ఆగినా కారు తాళంతో సరి.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ తూచేవాళ్ళు తక్కువ. వెళ్ళేటప్పుడు ఇరుసుకి ముందున్న నలభై లీటర్ల నీళ్ళు, బియ్యం, బొగ్గులు అయిపోయి ఉంటాయి. తడిసిన టెంటూ చాపలూ పక్క తలుపు దగ్గర ఎక్కడ చోటుంటే అక్కడ, ఎక్కువగా వెనక మూలన పడేస్తారు. పైనున్న సైకిళ్ళు అవే, పట్టీలూ అవే, హుక్కు మీద బరువు మాత్రం సగం. మిషను డిక్కీలో పడేసుకుని వెళ్ళండి, క్యాంపు ఎత్తేశాక రెండు నిమిషాల పని. కనీసం ఖాళీ క్యాన్లలో ఒకటి బోరు నీళ్ళతో నింపి మళ్ళీ ఇరుసుకి ముందు పెట్టండి.